ఇరుసు మోసే బరువు

ఎఫ్రేన్ పోయింది గురువారం. చేపలతో ఒడ్డుకొచ్చిన పడవను ట్రైలర్ మీదికెక్కించి, ఇసుకలో పైకి లాగిస్తుంటే ఎడమ చక్రం ఊడింది. పక్కనే నడుస్తున్న అతని మీదికి పడవ ఒరిగింది.

"ఆశపోతు. మోయలేనంత ఎక్కించాడు," అన్నాడు మామ చీలో, శవం లేవకముందే. రేవంతా ఆ మాటే పట్టుకుంది. ఆ ఏడాది పోయిన జాలరి పడవలోనే జూలైలో, జాలర్లను కాచే కార్మెన్ మాతను ఊరేగించడం అక్కడి ఆచారం. ఆశకు చచ్చినవాడి పడవ వద్దని జాలర్ల సంఘం తేల్చింది.

చీలో కూతురు, ఎఫ్రేన్ భార్య రోసెండా వెల్డింగు చేసే ముసలి నబోర్ దగ్గరికి ఆ ట్రైలర్‌ను చేర్పించింది. ఎంత బరువు మోస్తుందో రాసి ఉండే రేకును ఉప్పు తినేసింది.

"రేకు లేకపోతే ఎలా తెలుస్తుంది తాతా?"

"గుర్రం వయసు గుర్రాన్నే అడుగుతామా? పళ్లు చూస్తాం." నబోర్ ఇరుసు గొట్టాన్ని కొలిచాడు. "పదహారు వందల కిలోలు మోస్తుంది. పడవెంత?"

"ఇంజనూ చేపలూ కలిపి పన్నెండు వందలు."

"అయితే నీ మొగుడు ఆశపోతు కాదమ్మాయ్."

ఆమె గోడకానుకుని కూర్చుంది. నబోర్ మాత్రం ఇరుసు దగ్గర్నుంచి లేవలేదు. చక్రం ఊడిన కొసన రంగు గీకి చూశాడు.

"ఈ కొస వేరే చిన్న బండిది. కోసి అతికించి, పైన రంగు పూశారు. కుడి కొసలో సగం లావు లేదు. ఎంత గొట్టమైతే ఏం, సన్న కొస మోసినంతే లెక్క. తొమ్మిది వందలు." ఉమ్మేశాడు. "ఇంత పాడు అతుకు ఈ రేవులో ఒక్కడే వేస్తాడు. పేరు నన్నడక్కు."

అడగనక్కర్లేదు. ఈస్టరు ముందు ట్రైలర్ బాగుచేసి తెచ్చింది ఆమె తండ్రే.

ఇంట్లో చీలో చిక్కుళ్లు తింటున్నాడు. ఆమె చెప్పిందంతా విని రొట్టె తుంచాడు.

"ఎక్కించేముందు వాడే చూసుకోవాల్సింది."

"నువ్వు అతికించావని ఆయనకు తెలీదు నాన్నా."

"తెలిస్తే బతికేవాడు. చచ్చినోడికి మంచిపేరుతో పనేంటే? నేనింకా ఈ ఒడ్డున తిరగాలి. ఆ ఉప్పు ఇలా ఇయ్యి."

ఆమె ఇచ్చింది.

మాత వేరే పడవలో ఊరేగింది. ముందు నిలబడి తాడు పట్టింది చీలోనే. తండ్రి అతుకుతో ఆ ఇరుసు తొమ్మిది వందల కిలోలకే దిగిందని రోసెండా ఇంకా సంఘానికి చెప్పలేదు.