కంచెకు రెండు పక్కలా ముప్పై నాలుగు

మెరెరిద్ కింది పొలం వెంబడి వస్తుంటే, పట్నం నుంచి నడకకు వచ్చిన జంట ఒకటి కంచె దగ్గర ఫొటోలు తీసుకుంటోంది. కంచెకు ఇవతల ఒక గొర్రెపిల్ల. అవతల, కొండ పొలంలో, తల్లి గొర్రె. దాని కాళ్ల సందున ఇంకో పిల్ల. ఇవతలి పిల్ల వల కంతలోంచి మూతి దూర్చి అరుస్తోంది. తల్లి గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"ఎంత ముద్దుగా మాట్లాడుకుంటున్నాయో!" అంది ఆవిడ. "అన్నట్టు, మూడింటి మీదా ముప్పై నాలుగే ఉందే. మరి దీనికి ఎరుపు, వాటికి నీలం ఎందుకండీ?"

మెరెరిద్‌కు అంకె కనబడింది. జానెడంత అంకె. రంగులు మాత్రం రెండూ తడి బూడిదలాగే ఉన్నాయి.

"అది మా లెక్కలెండి" అంది.

వాళ్లు వెళ్లాక వంగి పిల్ల కడుపు తడిమింది. ఖాళీ సంచి.

తల్లికీ దాని పిల్లలకూ ఒకే అంకె. కవలలను ఈనిన తల్లికి, పిల్లలకు ఎరుపు; వాటికి కింది పొలంలో మంచి గడ్డి. ఒక్క పిల్లే ఉంటే నీలం, అవి కొండకు. నిన్న సాయంత్రం తమ్ముడు ఎమ్రిస్ రంగు చూసి మందను విడదీశాడు. అన్ని అరుపుల మధ్య అంకెలెవరు చదువుతారు? మంగళవారం రాత్రి ఈ మూడింటికీ రంగు వేసింది మెరెరిద్. ఒక పిల్లకు వేసి, రెండోదాన్ని పట్టుకోవడానికి డబ్బా గడ్డిలో పెట్టింది. మళ్లీ అందుకున్నది రెండో డబ్బా; రెండో పిల్లకూ తల్లికీ దాంతోనే వేసింది.

ఆరు నెలలుగా ఆమెకు రంగుల తేడా తెలియడం లేదు; ఈనే కాలం మొదలైనప్పటి నుంచీ ఎర్ర డబ్బా ఎడమ పక్క, నీలం కుడి పక్క పెట్టుకుని నెట్టుకొస్తోంది. పోయినేడు ఎమ్రిస్ నవ్వుతూనే అన్నాడు: "చూపు ఆనకపోతే చెప్పక్కా, ఈనే కాలానికి ఎవరినైనా పెట్టుకుందాం. నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని టీలు పెడుదువు." ఆ టీల మాట ఆమె అప్పటి నుంచీ మింగుతూనే ఉంది.

ఎమ్రిస్ తన కుక్క ఫ్లాస్‌తో వచ్చాడు. "ఏంటక్కా, ఇదిట్లా గొంతు చించుకుంటోంది?" చూసి తల పట్టుకున్నాడు. "ఓరి దేవుడా. ఇది నా పనే. మంగళవారం రాత్రి రంగులేస్తూ నిలబడే నిద్రపోయా. చూశావుటే ఫ్లాస్, నీకున్న తెలివి కూడా లేదు నాకు."

"తెలివి నీకెప్పుడుందిరా" అంది మెరెరిద్. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

అతను కంచె తలుపు తీసి తల్లిని, రెండో పిల్లను కిందికి తోలాడు. ఆకలి పిల్ల మోకాళ్ల మీద పడి పొదుగు కుమ్మింది. తోక ఆగకుండా కొట్టుకుంది. తల్లి దాని వెనకభాగం వాసన చూసి ఊరుకుంది.

మెరెరిద్‌కు హాయిగా అనిపించింది. పొదుగులో గడ్డ ఉందేమోనని వేళ్లతో వెతికినట్టు ఆ హాయిని తడిమి చూసుకుంది. గడ్డ ఉంది. ఇంకో రెండు వారాలు తాను రంగులు వేస్తుంది, వాడు తనను తాను తిట్టుకుంటాడు. అది ఆమెకు భయం కలిగించలేదు. అది ఎంత తేలికో, అదే భయం కలిగించింది.

పాకలో ఎమ్రిస్ రెండు డబ్బాలూ ఆమె చేతిలో పెట్టాడు. "పన్నెండోదానికి కవలలు. ఈసారి నువ్వే వెయ్యి, నా మీద నాకే నమ్మకం లేదు."

ఆమె రెండు డబ్బాలూ అతని ముఖం ముందుకు చాచింది.

"ఇందులో ఎర్రది ఏదిరా?"

అతను నవ్వబోయి ఆగాడు. డబ్బాల మీంచి ఆమె కళ్ల వైపు చూశాడు.

"మంగళవారం..."

"నేనే."

పన్నెండో గొర్రె నేలను కాలితో తన్నింది. ఎమ్రిస్ కోటు జేబులోంచి గడ్డిమోపు తాడు ముక్క తీసి, ఆమె ఎడమ చేతిలోని ఎర్ర డబ్బాకు రెండు చుట్లు చుట్టి ముడేశాడు.

"తాడున్నది కవలలకి. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి పోతున్నాం. గొణిగావంటే ఫ్లాస్‌ని తోడు పంపిస్తా."

"టీలు?"

"నీ టీ ఎవడు తాగుతాడే."

ఆమె బొటనవేలితో ముడిని వెతుక్కుని, పిల్లను కాళ్ల మధ్య ఇరికించుకుని, ఒకటి అంకె వేసి, పక్కన రెండు అంకె వేసింది.