ఆకుపచ్చ దారం

"కాలర్ మీద ఇస్త్రీ గట్టిగా రుద్దు. టీవీలో కనబడేది అదే," అన్నారు మా ఆయన. రేపు విచారణ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం. పాత ప్రభుత్వం రెండేళ్లు జైల్లో పెట్టిన మనిషి. అద్దం ముందు నిలబడి పద్నాలుగు పేజీలు చదువుకుంటున్నారు. అందులో నేను ఒక్కచోట వస్తాను: "ఆ రోజుల్లో నా భార్య ఇంటిపట్టున క్షేమంగా ఉంది."

ఉన్నాను. శనివారం శనివారం జైలు గేటు దగ్గర నిలబడి, ఆయన మాసిన బట్టల మూట తెచ్చుకుని, ఉతికి, మళ్లీ శనివారానికి అప్పజెప్పేంత క్షేమంగా. రక్తం మరకకు వేడినీళ్లు పనికిరావని నా డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. ఏ వారం వీపు మీద కొట్టారో, ఏ వారం వదిలేశారో చొక్కాలే చెప్పేవి. వాళ్లు చేసిందంతా వారం వారం నేనే శుభ్రంగా కడిగి పంపాను. ఆ ప్రభుత్వానికి అంత నమ్మకమైన పనిమనిషి ఇంకొకరు దొరికి ఉండరు. "మొగుడి బట్టలుతకడం కూడా చెప్పుకునే కష్టమేనటమ్మా?" అనేది అత్తయ్య. ఆ తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక వారం మూటలో ఎవరిదో పొడుగాటి చొక్కా వచ్చింది. చిరిగిన జేబును ఎవరో ఆకుపచ్చ దారంతో, కుట్టు మీద కుట్టు వేసి నిలబెట్టారు. చేతులకు అలవాటైపోయి, రక్తం మరకలు పోయేదాకా దాన్నీ ఉతికేశాను. తిరిగి ఇవ్వబోతే గేటు దగ్గరి జవాను తల ఎత్తకుండా, "ఇది వేసుకునే మనిషి లోపల లేడమ్మా, పట్టుకుపో," అన్నాడు.

"పరాయి మగాడి చొక్కా ఇంట్లో ఎందుకు? పారెయ్," అన్నారు మా ఆయన, విడుదలయ్యాక. దుప్పట్ల కింద దాచాను. పదకొండేళ్లయింది.

ఇస్త్రీ బల్ల పక్కనున్న ఇవాళ్టి పేపర్లో ఒకావిడ ఫొటో వేశారు. ఆమె భర్త అసలు ఆ జైల్లోనే లేడని రికార్డులు చెబుతున్నాయట. ఆధారం ఏదైనా ఉందా అని కమిషన్ అడిగితే, "ఆ రోజు వేసుకెళ్లిన చొక్కా జేబు నేనే కుట్టాను. ఇంట్లో ఆకుపచ్చ దారమే ఉంది," అందట.

ఇస్త్రీపెట్టె నిలబెట్టాను.

"ఏమండీ, చొక్కాకి ఒక చెయ్యి మిగిలింది. మీరు చేసుకోండి."

"నీకేం పనొచ్చింది?"

"రేపు నాకూ సాక్ష్యం ఉంది."

"నీకా? నీకేం తెలుసని?"

దుప్పట్ల కిందనుంచి చొక్కా తీసి సంచిలో పెట్టుకున్నాను. మరకలన్నీ నేనే వదలగొట్టానని ముందు ఆమెకు చెప్పాలి.