మూలకు తన్నిన చెక్కలు

అన్నయ్య పోయిన ఆరు వారాలకు, మేమిద్దరం ఎగిరిన చిన్న విమానాన్ని ట్రైలర్ ఎక్కించాను. దాని మీద పిల్లలు ఎగరడం నేర్చుకోవాలన్నది అన్నయ్య ఆఖరి కోరిక. శిక్షణ క్లబ్బు వాళ్లు ఒప్పుకున్నారు, చిన్న దెబ్బ కూడా తగలకుండా చేరాలన్న షరతు మీద. లేదంటే తుక్కు కిందికే.

రెక్కలు ఊడదీసి, దుప్పట్లు చుట్టి పక్కన నిలబెట్టాను. బెల్టులు చక్రాల దగ్గర వేశాను. విమానం ఒంటి మీద వేసి బిగిస్తే రేకు నొక్కుకుపోతుందని ఆమాత్రం నాకూ తెలుసు. ట్రైలర్ ఎక్కించినప్పుడల్లా అన్నయ్యకీ నాకూ ఒక పద్ధతి ఉండేది. ఒకరు కడితే ఇంకొకరు చూడాలి. ఇరవై ఏళ్లూ కట్టింది అన్నయ్య, చూసింది నేను. చూడటమంటే చేతులు జేబుల్లో పెట్టుకుని ఒక చుట్టు తిరిగి, "అంతా బాగుంది" అనడం. అన్నయ్య పనికి వంక పెట్టడానికి నేనెవర్ని?

ఈసారి కట్టింది నేను. చూస్తానని వదిన వస్తే, "ఇవన్నీ నీకేం తెలుస్తాయి వదినా, బండెక్కు" అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

అరగంట వెళ్లాక, బెల్టులు వదులయ్యాయేమోనని ఆపాను. అవి బాగానే ఉన్నాయి. తోక మీద విమానాన్ని పక్కకు మలిపే పలక, రడ్డర్ మాత్రం ఒరిగి వేలాడుతోంది. గాలికి అటూ ఇటూ కొట్టుకుని కీలు విరిగింది, పక్కన రేకు చీరుకుపోయింది. పొద్దున షెడ్డులో కాళ్లకు అడ్డంగా ఉన్నాయని నేను మూలకు తన్నిన రెండు చెక్కలు, రడ్డర్‌ని కదలకుండా బిగించేవని అప్పుడు అర్థమైంది.

క్లబ్బుకు ఫోన్ చేశాను. "బాగుచేసి మళ్లీ అనుమతులు తెచ్చే ఓపిక మాకు లేదండీ," అన్నారు.

రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను. సిగ్గుపడలేదు.

"అన్నయ్య ఉండగా ఒక్కసారి కూడా ఇలా కాలేదు వదినా."

"ఎందుకవుతుంది? నువ్వు సరిగ్గా చూడవని ఆయనకి తెలుసు. నువ్వటు వెళ్లగానే మళ్లీ మొదట్నుంచీ ఆయనే చూసుకునేవారు."

"మరి నన్నెందుకు చూడమనేవాడు?"

"నిన్ను అడిగితే నీ ముఖం వెలిగిపోతుందనేవారు," అంది వదిన, నా పక్కనే కూర్చుంటూ.

చాలాసేపటికి లేచాను. వెళ్లేది తుక్కు దగ్గరికే అయినా, ఒక్కో బెల్టూ చేత్తో లాగి చూశాను. తర్వాత వదినను పిలిచాను.

"నువ్వు కూడా చూడు వదినా."