జేబు ఏ వైపు?

భర్త ఆఫీసు షర్టు మీద ఇస్త్రీపెట్టె జేబు దాకా వచ్చి ఆగింది. దానంతటది ఆగలేదు, ఆమె చెయ్యే ఆగింది. ఇంకో క్షణమైతే గుడ్డ మాడేదే. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి పెట్టెను ఎత్తి పక్కన నిలబెట్టింది గానీ, మనసు ఆ జేబు దగ్గరే ఉండిపోయింది. జేబు ఎడమవైపు ఉంది. ఆయన షర్టులన్నిటికీ అంతే, ఎవరి షర్టుకైనా అంతే. మరి నిన్న తను అచ్చుకు పంపిన ముఖచిత్రంలో డ్రైవరు బాబాయి జేబు ఏ వైపుంది?

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఆమె జర్నలిజం డిప్లొమాలో చేరినప్పుడు అత్తగారు, “తల్లీ కూతురూ చెరో సంచీ తగిలించుకుని బయల్దేరతారన్నమాట, ఇక ఇంటికి కాపలా నేను!” అంది. తరగతిలో పిల్లలంతా ఆంటీ అన్నారు. కాలేజీ పత్రిక తేవాలని కమిటీ వేసినప్పుడు, ఇరవై ఒక్కేళ్ల ఎడిటరు ఒకరికి కవితలు, ఒకరికి ఇంటర్వ్యూలు పంచిపెట్టి చివర్లో ఆమె వైపు తిరిగి, “ఆంటీ, మీరు టీ, బిస్కెట్ల సంగతి చూడండి. మీకు అలవాటేగా!” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అదే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండించే విషయం. ఇంట్లో చేసేది జీతం లేని చాకిరీ. దాన్నుంచి రెండు గంటలు తప్పించుకుని ఫీజు కట్టి మరీ కాలేజీకొస్తే, ఇక్కడా అదే చాకిరీ కుర్చీ వేసుకుని కూర్చుంది.

రెండు వారాలు టీ పోసింది. మూడో వారం ల్యాబులో బీరువా మీద దుమ్ముపట్టి ఉన్న కెమెరా కనపడింది. పిల్లలందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ బరువు మోసేదెవరు? ల్యాబు మేడాన్ని అడిగితే, “మీరా?” అని ఒకసారి, “తీసుకోండి, ఎవరైనా వాడితే చాలు” అని ఒకసారి అంది. వెలుగును ఎంత లోపలికి రానివ్వాలి, ఎంతసేపు రానివ్వాలి అన్నది మేడం రెండు రోజుల్లో చెప్పేసింది. చేతికి రావడానికి మాత్రం నెల పట్టింది. ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండటం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పాలు పొంగే క్షణం కోసం ఇన్నేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి, ఎదుటివాళ్ల మొహంలో నవ్వు పొంగే క్షణం దొరక్కుండా పోతుందా? కంప్యూటరు మీద ఫొటో దిద్దడం మాత్రం చెమటలు పట్టించింది. ఏ మీట తర్వాత ఏ మీటో కూతురి పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో రాసుకుంది. అన్నిటికంటే పైన రాసుకున్నది మేడం చెప్పిన మొదటి మాట: అసలు ఫొటోను ముట్టుకోవద్దు, నకలు తీసుకుని దాని మీదే పనిచెయ్యి.

భోజనం చేస్తూ, ఫోనులోంచి తలెత్తకుండా ఆయన అన్న మాట కూడా గుర్తుంది. “బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. ఇందులో నేర్చుకునేదేముంది?”

డ్రైవరు బాబాయి ఈ ఏడాది రిటైరవుతున్నాడు. ముప్పై ఏళ్లుగా కాలేజీ బస్సెక్కిన వాళ్లంతా ఆయన వీపే చూశారు. అందుకే ముఖచిత్రంగా ఆయన మొహం వెయ్యాలని పట్టుబట్టింది ఆమే. బస్సు పక్కన నిలబడి అద్దం తుడుస్తున్నప్పుడు ముప్పై రెండు ఫొటోలు తీసింది. ఒకటి అద్భుతంగా వచ్చింది, కానీ అందులో ఆయన ఎడమవైపు చూస్తున్నాడు. పత్రిక తెరుచుకునేది కుడివైపు. బొమ్మలో మనిషి పుస్తకం కుట్టు ఉండే వీపు వైపు చూస్తుంటే పాఠకుణ్ణి పొమ్మన్నట్టుంటుందని మేడం చెప్పింది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, బస్సు మీది అక్షరాలేవీ బొమ్మలో పడలేదని చూసుకుని, ఫ్లిప్ నొక్కింది. అద్దంలో బొమ్మలా బాబాయి ఇటు తిరిగాడు. “ఆంటీ, సూపర్!” అని ఎడిటరు కుర్చీలోంచి లేచాడు. మేడం భుజం తట్టింది. ఆ పూట ఆమె కాళ్లు నేల మీద లేవు. టీ ఎవరు పోశారో కూడా గమనించలేదు.

ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన నమూనా ప్రతి దగ్గరికి వెళ్లింది. జేబు కుడివైపుంది. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ల జాకెట్టులా అటుదిటు. కళ్లు తనను మోసం చేస్తున్నాయేమోనని, బియ్యం ఏరుతున్న అత్తగారి ముందు పెట్టింది.

“అత్తయ్యా, ఇందులో ఏమైనా తేడాగా ఉందా?”

అత్తగారు కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. “జేబు అటు కుట్టాడేంటి ఈ దర్జీ?” అంది. తర్వాత, “ఎవరు చేశారిది? నువ్వేనా?” అంది.

తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే ఇంకోటి కూడా తోచింది. షర్టులు తొడుక్కు తిరిగే నలుగురు కమిటీ మగపిల్లలు, ప్రెస్సు మనిషి, అందరూ ఈ బొమ్మను చూశారు. కనిపెట్టింది మాత్రం ఈ ఇంట్లో వాటిని ఉతికిన ఇద్దరు.

పది గంటలకు ముఖచిత్రం అచ్చుకెక్కుతుంది. అప్పటికి ఎనిమిదిన్నర.

“నా షర్టేదీ?” ఆయన స్నానాల గదిలోంచి కేకేశాడు.

“బల్ల మీదుంది. సగమే అయింది.”

“సగమేంటి?”

“జేబు దాకా,” అని చెప్పి ఆమె చెప్పులు వేసుకుంది. అత్తగారు ఏదో అనబోయి, చేతిలోని నమూనా ప్రతిని ఇంకోసారి చూసి, లేచి వీధి తలుపు తీసి పెట్టింది.

దారిలోంచి ఎడిటరుకు ఫోన్ చేసింది. “ఆంటీ, ఇప్పుడెక్కడ మారుస్తాం? ఎవరికీ తెలీదు, వదిలేయండి” అన్నాడు. “నీ జేబు ఏ వైపుందో చెప్పు” అంది ఆమె. అటువైపు గుడ్డ రాసుకున్న చప్పుడు. తడుముకుంటున్నాడు కాబోలు. “అబ్బ, అవును కదా!” అన్నాడు చివరికి.

ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్నాయన కూడా అదే పాట పాడాడు. “ఎవరు చూస్తారమ్మా?”

“ఇస్త్రీ చేసేవాళ్లందరూ చూస్తారు. మీరు కాస్త లేస్తారా?”

ఆయన లేచాడు. ఆమె కూర్చుంది. ఫొటోను మళ్లీ యథాస్థితికి తిప్పితే బాబాయి పుస్తకం వీపు వైపు చూస్తాడు. అందుకని సంచీలోని కెమెరా కార్డు పెట్టి, మిగతా ముప్పై ఒకటీ తెరిచి ఒక్కొక్కటే చూసింది. ఇరవై ఆరోదాంట్లో ఎవరో పిలిస్తే బాబాయి తనంతట తనే కుడివైపు తిరిగి నవ్వుతున్నాడు. కాస్త చీకటిగా ఉందని ఆమె పక్కన పెట్టేసిన ఫొటో. నకలు తీసింది. మొహం మీద వెలుగు పెంచింది, ఆకాశం మీద తగ్గించింది, నెరిసిన కనుబొమల దగ్గర మాత్రం ఏమీ చెయ్యకుండా వదిలేసింది. నోటుపుస్తకం తేలేదన్న సంగతి పని పూర్తయ్యాక గుర్తొచ్చింది. ప్రెస్సాయన వెనక నిలబడి ఆమె చేతులే చూస్తున్నాడు. “ఎక్కడ నేర్చుకున్నారమ్మా?” అంటూ టీ గ్లాసు ఆమె పక్కన పెట్టాడు. అప్పటికి పదికి ఐదు నిమిషాలు తక్కువ. ఆ టీ ఆమె తీరిగ్గా, చివరి గుక్క దాకా తాగింది.

సాయంత్రం అచ్చయిన ముఖచిత్రం ఇంటి బల్ల మీదుంది. అత్తగారు ఈసారి కళ్లజోడు పెట్టుకుని, బాబాయి జేబు మీద వేలు పెట్టి, “ఆఁ, ఇదీ!” అంది. ఆమెకు గర్వంగా ఉంది. తప్పు చేసినందుకు ఉన్న సిగ్గుకన్నా, ఆ తప్పును పట్టి, తన చేత్తో దిద్దినందుకు గర్వం పెద్దగా ఉంది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

నలిగిన షర్టుతోనే ఆఫీసుకు వెళ్లొచ్చిన ఆయన ముఖచిత్రం వైపు ఓ చూపు చూసి, “బాగానే ఉంది” అన్నాడు. వెంటనే, “రేపటికి ఆ నీలం షర్టు చెయ్యి” అన్నాడు.

ఆమె నీలం షర్టు తెచ్చి బల్ల మీద పరిచింది, జేబు పైకి కనిపించేలా. ఇస్త్రీపెట్టె పిడిని ఆయన వైపు తిప్పి పెట్టింది.

“స్విచ్చి వేస్తే వేడెక్కుతుందండీ. ఇందులో నేర్చుకునేదేముంది?”