ఇంజన్ మీది పరుపు

ఆ వ్యాన్‌లో ఇంజన్ వెనక, పడక కింద ఉంటుంది. దాన్ని దించాలంటే ముందు పరుపు తియ్యాలి. లోర్నా పొద్దుటి నుంచి పరుపు తప్ప తక్కినవన్నీ తీసింది. గిన్నెలు, గ్యాస్ పొయ్యి, కర్టెన్లు, చివరికి సీట్ల కింది ఇసుక కూడా. సామాన్లన్నీ తమ్ముడు కర్టిస్ షెడ్డులో గోడవారగా పేర్చింది.

ఇల్లు అమ్మేసినప్పటి నుంచి ఆమె కాపురం ఆ వ్యాన్‌లోనే. ఏ ఊళ్లోనూ వారం దాటి ఉండదు. కదలని చోట ఆమెకు నిద్ర పట్టదు. కింద చక్రాలు ఉండాలి, తాళంచెవి చేతికందాలి. పాత ఇంజన్ పని అయిపోయింది. కొండెక్కితే నీళ్లు మరిగిపోతున్నాయి. కర్టిస్ తుక్కు దుకాణం నుంచి ఒక జపాన్ కారు ఇంజన్ తెచ్చి, కడిగి, సిద్ధంగా పెట్టాడు. కిందటేడు ఆకులు రాలే కాలంలోనూ పెట్టాడు. అప్పుడు అతను బోల్టుల కోసం శాండ్‌పాయింట్ బజారుకు వెళ్లి వచ్చేసరికి అక్కా లేదు, వ్యానూ లేదు.

"అక్కా, ఇక పరుపు తియ్యి," అన్నాడు కర్టిస్.

"అడుగున జిడ్డుందిరా. ఒకసారి కడిగించుకొస్తాను."

"నిన్నేగా కడిగించావు. తుక్కులో పడేసేదానికి రెండు స్నానాలెందుకు?"

"నీ చొక్కా పాడవకుండా."

"నా చొక్కా చూశావా అసలు?"

ఆమె సీట్లో కూర్చుని ఇంజన్ ఆన్ చేసింది. అతను అడ్డు రాలేదు. చేతిలోని పానా బల్ల మీద పెట్టి, వెళ్లి గేటు తీశాడు.

పెద్ద రోడ్డు దగ్గర ఆగింది. కుడికి తిరిగితే సరస్సు మీది వంతెన, దాని అవతల దక్షిణానికి పోయే దారి. ఇంజన్ ఈ పూట పేచీ పెట్టలేదు. వేడి చూపే ముల్లు కదల్లేదు. ఈ వేసవి గడిచిపోతుందిలే అనుకుంది. కిందటిసారీ అలాగే అనుకుని, కనుమ మధ్యలో పొగలు కక్కుతున్న వ్యాన్ పక్కన మంచులో నిలబడింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. కుడికే తిరిగింది. వంతెనకు ఇవతల ఉన్న పెట్రోలు బంకులోకి పోయి, పెట్రోలు పోయించుకోకుండానే బయటికొచ్చి, వెనక్కి మళ్లింది. గేటు చేరేదాకా వేళ్లు స్టీరింగ్ మీద కొట్టుకుంటూనే ఉన్నాయి.

కర్టిస్ తన పికప్ ట్రక్కు వెనక భాగం ఊడుస్తున్నాడు. దాని మీద రేకు కప్పు బిగించి ఉంది. ట్రక్కు ముందు వైపు రోడ్డుకేసి తిప్పి ఉంది.

"వస్తావనుకోలేదు."

"అనుకోకుండానే ఊడుస్తున్నావా?"

"లోపల గదిలో పక్క వేస్తానంది మా ఆవిడ. వద్దన్నాను. పోయినసారి నువ్వు తెల్లార్లూ వంటింట్లో పచార్లు చేశావు. కుక్క కూడా నిద్రపోలేదు. నీ పరుపు ఇందులో పడుతుంది, కొలిచాను. తాళంచెవి బండికే ఉంటుంది. ఉండబుద్ధి కాకపోతే దీన్నే వేసుకుపో."

"మరి నువ్వు పనికెలా వెళ్తావు?"

"నీ వ్యాన్ ఉంటుందిగా. ఇద్దరు తోస్తే కదులుతుంది."

లోర్నా ట్రక్కు చుట్టూ తిరిగింది. టైర్లను కాలితో తన్ని చూసింది. తలుపు తీసి, తాళంచెవి ఒకసారి తిప్పి, ఇంజన్ చప్పుడు విని ఆపింది.

"బ్రేకులెలా ఉన్నాయి?"

"ఎడమకి లాగుతాయి."

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావురా?"

"ఎవరో ఒకరు ఇక్కడ పదిరోజులుండి చూస్తారని ఆగాను."

ఆమె వ్యాన్ వెనక తలుపు ఎత్తి, పరుపు ఒక కొస పట్టుకుని లాగింది. అది ఇరుక్కుంది.

"చూస్తూ నిలబడకు," అంది. "ఆ కొస నువ్వు పట్టు."