బండి ఆంటీ

ఒమాన్‌లో జబల్ అఖ్దర్ కొండ మీద ద్రాక్షతోటలున్నాయి. ఆ ద్రాక్షతో అక్కడెవరూ వైన్ చెయ్యరు. ఇంటికొచ్చినవాళ్ళ ముందు పళ్ళెం నిండా పెట్టి, తినేదాకా వదలరు. ఏటా సెప్టెంబరు మొదట్లో మస్కట్ ఆసుపత్రుల్లో పనిచేసే తొమ్మిదిమంది తెలుగువాళ్ళు మూడు రోజులు సెలవు పెట్టి సైకిళ్ళ మీద ఆ తోటలకు బయల్దేరతారు. మొదటి రెండు రోజులూ బహ్లా, నిజ్వా ఊళ్ళ మీదుగా తొక్కినదానికంటే ఎక్కువ తింటూ గడిచిపోతాయి. గుంతలో పూడ్చి కాల్చిన మేకమాంసం, అన్నం, వేడి హల్వా. మూడో రోజు కొండ. తిన్నదంతా అక్కడ కక్కిస్తుంది.

లీలాకుమారికి యాభై నాలుగేళ్ళు. అమలాపురం వైపు మనిషి, మస్కట్‌లోని ఖురంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కిందటేడు పైకి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా కాళ్ళు మొరాయించి, వెనకాల సామానుతో వచ్చే ఫోర్‌వీల్ బండి ఎక్కేసింది. ల్యాబ్ టెక్నీషియన్ ప్రీతమ్ అక్కడికక్కడే ఆవిడకు ‘బండి ఆంటీ’ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆవిడకంటే ముందే మస్కట్ చేరింది. వచ్చే జనవరిలో కాంట్రాక్టు అయిపోతుంది, ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ పేరుతో మాత్రం వెళ్ళనని పట్టుబట్టి, ఏడాదిగా తెల్లారకముందే అల్ హైల్ సముద్రపు రోడ్డు మీద తొక్కుతోంది.

ఈసారీ అందరికంటే వెనక ఆవిడే. ప్రీతమ్ మొదట పైకి చేరాడు. అంతటితో ఊరుకోకుండా, ఆవిణ్ణి ఆటపట్టించడానికి సగం కొండ దిగి వచ్చాడు. బండి రెడీగా ఉందా ఆంటీ అని నవ్వి, మళ్ళీ పైకి దూసుకుపోయాడు. నాలుగు మలుపులు దాటాక చూస్తే రోడ్డు పక్కన వాంతి చేసుకుని, పిక్కలు పట్టేసి పడున్నాడు.

లీలాకుమారి సైకిల్ పారేసి పరుగెత్తింది. వెనకే బండి నడుపుతూ వస్తున్న సురేందర్ సాయంతో అతణ్ణి బండిలో పడుకోబెట్టి, ఏసీ వేయించి, గుక్క గుక్కగా ఓఆర్ఎస్ పట్టింది. ముప్పావు గంటకు నాడి దారిలో పడింది, కుర్రాడు మనుషుల్లో పడ్డాడు.

“మీరు గూడ ఎక్కుండ్రి అక్కా. సైకిల్ ఎనక కట్టేస్త” అన్నాడు సురేందర్. అతనిది జగిత్యాల దగ్గర పల్లె, బిల్డింగు సైట్లలో సెంట్రింగు పని చేసి, లైసెన్సు తెచ్చుకుని డ్రైవరయ్యాడు.

ఎక్కడమే న్యాయమేమోనని ఆవిడకూ అనిపించింది. నర్సన్నాక పేషెంటును ఇంకొకరికి అప్పజెప్పకుండా కదలకూడదు. మిగతా నర్సులంతా పైనున్నారు. సురేందర్ చెయ్యి పట్టుకుని, అతని వేళ్ళు ప్రీతమ్ మణికట్టు మీద పెట్టింది.

“అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యి. ఇప్పుడు నూట నాలుగుంది. ఐదు నిమిషాలకోసారి ఒక గుక్క పట్టు. నూట ఇరవై దాటినా, మాట తడబడినా నాకోసం ఆగకు. నిజ్వా ఆసుపత్రికి తిప్పెయ్యి.”

“నేను సెంట్రింగు పనోణ్ణక్కా. గియన్ని నాకేమెరుక?”

“తిరిగి చెప్పు.”

రెండుసార్లు తప్పు చెప్పాడు. మూడోసారి అప్పజెప్పాక ఆవిడ సైకిలెక్కింది.

బండి నడక వేగంతో వెనకే వచ్చింది. ఐదేసి నిమిషాలకు ఆగి, సురేందర్ కిటికీలోంచి తల బయటపెట్టి అంకె చెప్పేవాడు. నూరక్కా, తాపిన. తొంభై ఆరక్కా, తాపిన. కిందటేడు ఓడిపోయిన మలుపు దగ్గర తొడలు మండిపోయాయి, కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ అంకె పెరిగితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. పెరిగితే బండి ఎక్కక తప్పదు, ఎవరూ ఏమీ అనరు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పళ్ళు బిగించి, ఆ అసహ్యంతోనే తొక్కింది.

పైన యాసిర్ అనే ఒమానీ రైతు ఇంట్లో భోజనాలు. మిగతావాళ్ళంతా ద్రాక్షపందిరి కింద పళ్ళేల ముందున్నారు. లీలాకుమారి సైకిల్ గోడకు ఆనించి, మంచినీళ్ళయినా తాగకుండా బండి తలుపు తీసింది. చెప్పమంది.

“ఎనబై ఎనిమిది. మాట మంచిగనే ఉన్నది. మధ్యల ఒంటికి గూడ పోయిండు.”

“సరే. ఇక నేను చూసుకుంటాను.”

ఆవిడ ప్రీతమ్ మణికట్టు పట్టుకుని లెక్కపెడుతుండగా, బండి చప్పుడు విని తోటి నర్సు బ్యూలా బయటికొచ్చింది. తెరిచిన తలుపునూ, దాని పక్కన ఆవిణ్ణీ చూసి, “అయ్యో ఆంటీ, ఈసారి కూడా బండేనా?” అంది జాలిగా.

కాదని చెప్పాలనిపించింది లీలాకుమారికి. కాని లెక్క మధ్యలో నర్సు నోరు తెరవదు. పదిహేడు, పద్ధెనిమిది.

“బండిలో వచ్చింది నేను” అన్నాడు ప్రీతమ్, లోపల పడుకునే, అందరికీ వినబడేటట్టు. “ఆంటీ కింద నుంచి తొక్కుకుంటూ వచ్చారు.”

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో లీలాకుమారికి మొదటిసారి లెక్క తప్పింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.