డ్రమ్ముల వరసలో చెంబు

సుహాసినికి అందరూ కావలసినవాళ్లే. అదే ఆమెతో వచ్చిన చిక్కు. పూసపాటిరేగ దారిలోని ఇంజనీరింగ్ కాలేజీలో నలభై కంప్యూటర్లను ఒకటిగా కలిపి నడిపే క్లస్టర్ ఆమె చేతిలో ఉంది. ఎవరి పని ముందు, ఎవరిది వెనక అని క్యూకి నియమాలు పెట్టింది ఆమే.

ఆ మధ్యాహ్నం రీసెర్చి చేసే గౌరి వచ్చి బల్ల పక్కన నిలబడింది. తుఫాను అలల లెక్క ఒక్కటి మిగిలిపోయింది, రెండున్నర గంటల పని. రేపు పొద్దున కమిటీకి చూపించకపోతే మళ్లీ ఆర్నెల్లు ఆగాలి. వరసలో ముందున్నది జగన్నాధం మాస్టారి పని. దానికి నలభై మెషీన్లూ ఒక్కసారే కావాలి. వాటిలో సగం, సాయంత్రం ఆరింటికి గాని ఖాళీ కావు; మిగతా సగం ఆయన కోసం ఊరికే కూర్చున్నాయి.

తనని ముందుకు జరపమని గౌరి బతిమాలింది. సుహాసిని మనసు కరిగిపోయింది గాని, నాలుగు రోజులుగా కిక్కురుమనకుండా కాచుకున్న పెద్దాయన్ని వెనక్కి నెట్టడానికి చెయ్యి రాలేదు. కుదరదని చెప్పేసి భోజనానికి ఇంటికి పోయింది. ముద్ద దిగితే ఒట్టు.

ఇంతలో వీధి కొళాయి దగ్గర తగువు వినబడి గుమ్మంలోకి వచ్చింది. చేపలు అమ్మి వచ్చిన తల్లి లక్ష్మణమ్మ అక్కడే ఉంది. వంతు పెళ్లివారి డ్రమ్ములది, వాటిని తెచ్చే ఆటో జాడ లేదు, నీళ్లు చూస్తే కాలవ పాలు. పెళ్లివారు ఒప్పుకోక, పక్కింటి దానమ్మ చెంబు పట్టుకుని బిక్కమొహం వేసింది.

"ఆటో వచ్చీలోగా సెంబు నిండిపోతాది. పట్టుకోనీ," అంది లక్ష్మణమ్మ పెళ్లివారితో. చెంబు నిండింది, తగువూ తీరింది.

సుహాసిని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ సర్దుబాటు తన క్యూలోనూ ఉంది కదా! పెద్దపని మొదలయ్యేలోగా అయిపోయే చిన్నపని సందులో దూరిపోవచ్చు. మరి గౌరిదెందుకు దూరలేదు? ఫోన్లో క్యూ తెరిచి చూసింది. గౌరి పనికి పట్టే సమయం: ఏడు రోజులు.

అది గౌరి రాసింది కాదు. సమయం రాయకుండా వదిలేస్తే ఏడు రోజులు పడాలని సుహాసినే పెట్టింది. చదువుకునే రోజుల్లో తన లెక్క కాసేపట్లో పూర్తవుతుందనగా గడువు దాటిందని తెగిపోయింది. ఆ ఏడుపు ఇంకెవరూ ఏడవకూడదని, ప్రేమకొద్దీ పెట్టిన గడువు అది. తల్లికి విడమరిచి చెప్పింది.

"సెంబు ఎట్టుకోని డ్రమ్మని రాసీసినావేటే? మరెవులు దారిస్తారు?" అంది లక్ష్మణమ్మ.

సుహాసిని కంచం వదిలి పరుగెత్తింది. రెండున్నరకి గౌరిని పక్కన కూర్చోబెట్టుకుని, పట్టే సమయం మూడు గంటలని రాసింది. ఊరికే కూర్చున్న మెషీన్లు పనిని వెంటనే అందుకున్నాయి. తెగిపోతుందేమోనని ఇద్దరూ తెర మీంచి కళ్లు తిప్పలేదు. అయిదూ పదికి లెక్క ముగిసింది. గౌరి ఆమె భుజం మీద తల వాల్చేసింది. సమయం రాయనిదే ఇకమీదట క్యూ ఎవరి పనీ తీసుకోకుండా సుహాసిని అప్పుడే మార్చేసింది.

ఆరు దాటాక తల్లి ఫోను చేసింది.

"డ్రమ్ములాయన ఆగిపోనాడేటే?"

"లేదమ్మా, ఆరింటికల్లా ఆయనది మొదలైపోయింది."

"అలాగైతే బేగి ఇంటికి రా. మద్దేనం ముద్ద ముట్టనేదు, నాను సూసినాను."